చేప తలకాయ కోసం ఒక రీలు

మా అత్తగారింట్లో చేపల పులుసు కాచిన రోజు తలకాయ ఎవరి విస్తట్లో పడుతుందో, ఆ ఇంటికి వాడే పెద్దమనిషి. ఈ మాట ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు. మా మామ బతికున్నన్నాళ్లూ తలకాయ ఆయనది. ఆయన పోయిన తర్వాత మా అత్త నిర్మలమ్మ గరిటెతో కుండంతా వెతికి, తలకాయ తీసి, పెద్దల్లుణ్ణని నా విస్తట్లో పెట్టింది.

నగరిలో నేను పరాయివాళ్ల మగ్గాల మీద పంచెలు నేస్తాను. నాకు ఎక్కడా ఎవరూ కుర్చీ వెయ్యరు. మగ్గాల యజమాని వెయ్యడు, బ్యాంకువాడు వెయ్యడు. మా ఇంట్లో కుర్చీ ఉంది గానీ దాని మీద ఎప్పుడూ ఉతికిన బట్టలు కూర్చునుంటాయి. వడమాలపేటలో ఆ చేప తలకాయ ఒక్కటే ఈ లోకం నాకు వేసిన కుర్చీ.

దాన్ని యోగానంద లాగేశాడు.

యోగానంద మా అత్త రెండో అల్లుడు. పుత్తూరులో సెల్‌ఫోన్ టవర్ల కంపెనీలో సూపర్‌వైజరు. టవరు ఎక్కడు. ఎక్కేవాళ్లను కింద నిలబడి చూస్తాడు, అందుకు జీతం. చూసి చూసి మెడ నొప్పి పుట్టిందేమో, ఈ మధ్య నీళ్లలోకి చూడడం మొదలుపెట్టాడు. వానపామును గుచ్చి గాలం వేసే మామూలు పద్ధతి ఆయనకు పనికిరాదు. ఫైబరు కడ్డీ, దానికి రీలు, చివర తళతళలాడే దొంగ ఎర. వడమాలపేట పక్కనున్న కుంటలో దాన్ని విసిరి కొరమీనులు పట్టి అత్తకు తెచ్చివ్వడం మొదలైంది.

ఒక ఆదివారం అందరం భోజనాలకు కూర్చున్నాం. తలకాయ కోసం నేను అన్నం మధ్యలో గుంట చేసి పెట్టుకున్నాను. గరిటె నా విస్తరి మీదుగా పోయి యోగానంద విస్తరి మీద ఆగింది.

“ఏమత్తా, గరిటె దోవ తప్పిందా?” అన్నాను.

“లేదు నాయనా. పట్టకొచ్చినోడిదే తలకాయ. ఇంక ఈ ఇంట్లో అదే పద్ధతి. నీకు తోక పెడతా, ముండ్లు సూసుకోని తిను.”

తోక! నా గుంటలో తోక పడింది. నా భార్య సుజన నవ్వు ఆపుకోలేక నీళ్లు తాగింది. యోగానంద తలకాయను జుర్రుకుంటూ చాలా మర్యాదగా అన్నాడు:

“కోపం చేసుకోవద్దన్నా. వచ్చే ఆదివారం నువ్వూ కుంటకి రా. నువ్వు పడితే తలకాయ నీకే. ఏమత్తా?”

“ఎవురు పడితే వాళ్లకే. నా నోట్లోనించి వచ్చేసినాక ఇంక మాట మార్చేది లేదు” అంది అత్త.

ఆ తర్వాత యోగానంద నాకు పాఠం చెప్పాడు. కుంటలో నీళ్లు తగ్గి తేటగా ఉన్నాయట. బరువైన ఎర దభీమని పడితే ఆ చప్పుడుకే చేపలు పారిపోతాయట. అందుకని తేలిక ఎర విసరాలట. జేబులోంచి తీసి చూపించాడు. వేరుశనగ గింజంత ఇత్తడి రేకు, దానికొక ముల్లు. గట్టిగా తుమ్మితే ఎగిరిపోయేట్టుంది.

“రీలు మాత్రం నా మాదిరిది తీసుకో అన్నా. కడ్డీకి కింద యాలాడతా ఉంటాదే, ఇది. పైన కూసోని కండె మాదిరి తిరిగేది ఇంకో రకం ఉండాది. దాని జోలికి పోవద్దు. తేలిక ఎరకి దాంట్లో సరైంది ఏరుకోవాలంటే తెలిసుండాల. తెలీనోళ్లు కొంటే దారం చిక్కుపడి సస్తారు.”

తెలీనోళ్లు! ఏడో తరగతిలో బడి మానేసి, మగ్గం పక్కన కండెలు చుట్టడానికి కూర్చున్నవాణ్ణి నేను. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెకు దారం ఎట్లా చుట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకు దారం గురించి టవర్ల కింద నిలబడేవాడు చెప్పాలా? కొంటే ఆ పైన కూర్చునే రీలే కొనాలని ఆ నిమిషంలోనే తీర్మానించుకున్నాను.

తిరుపతిలో అలాంటి సామాన్ల అంగడి ఒకటుందని సుజన ఫోన్లో చూసి చెప్పింది. ఇద్దరం పోయాం. ముందు గదిలో గాజు తొట్లలో రంగు రంగుల పెంపుడు చేపలు. వెనక గదిలో చేపల్ని పట్టే గాలాలు. రెండింటికీ ఒకడే యజమాని, అమర్‌నాథ్. ముందున్న చేపలకు వెనక గది కనబడకుండా మధ్యలో గుడ్డ కట్టాడు. కనికరం ఉన్న మనిషే అనుకున్నాను.

“తేలిక ఎర ఇసిరేదానికి రీలు కావాలప్పా. పైన కూసునే రకం” అన్నాను.

అమర్‌నాథ్ మూడు రీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిది చేతిలోకి తీసుకుంటే వక్కాకు డబ్బా అంత కూడా లేదు. లోపల దారం చుట్టే గిలక బొత్తిగా లోతు లేదు. పైగా దాని నిండా చిల్లులు.

“మీ పనికి ఇదే సరైందన్నా” అన్నాడు.

“ఎలకలు కొరికినట్టుండాదే?”

“బరువు తగ్గేదానికి చిల్లులు పెట్టినారన్నా. ఎరలో బరువు లేదు గదా, బరువైన రీలుని తిప్పేంత బలం దానికుండదు. అందుకని తిరిగేది గూడా తేలిగ్గా ఉండాల.”

“దారం ఎంత పడతాది?”

“కొంచెమే. సన్న దారం, తక్కువ దారం. అంతే సాలు.”

ఇక్కడే నాకు మండింది. మా పనిలో సగం చుట్టిన కండెను తెచ్చిచ్చిన పిల్లవాడి చెవి పట్టుకుని మేస్త్రీ మెలిపెట్టేవాడు. నా చెవి ఇప్పటికీ ఒకటి కొంచెం పెద్దది. సగం కండెను, అదీ చిల్లులు పడినదాన్ని, మంచి సరుకని నాకే చెప్తున్నాడు.

“ఆయన చెప్పింది తీసుకో అయ్యా. ఆయన పనే అది గదా” అంది సుజన.

“నువ్వు పొయ్యి రంగు చేపల్ని సూడుపో” అన్నాను.

నాకు నా పరీక్ష ఒకటుంది. మగ్గానికి పక్కన బరువైన చక్రం ఉంటుంది. నాసిరకం మగ్గం స్విచ్చి ఆపగానే అలసిపోయి నిలబడిపోతుంది. మంచి మగ్గం చక్రం ఆపిన తర్వాత కూడా పౌరుషంగా తిరుగుతుంది. మూడు రీళ్లనూ వరసగా పెట్టి, మీట నొక్కి, వేలితో ఒక్కోదాన్ని తట్టాను. చిల్లులది గిర్రుమని తిరిగి ఆగిపోయింది. రెండోది ఇంకొంచెం తిరిగింది. మూడోది నల్లగా, లావుగా, మా అత్త అట్లపెనం అంత బరువుగా ఉంది. దాన్ని తట్టాను. తిరిగింది. తిరుగుతూనే ఉంది. సుజన రంగు చేపలన్నింటినీ చూసి వచ్చినా ఇంకా తిరుగుతోంది.

“ఇదీ” అన్నాను.

అమర్‌నాథ్ ఒంట్లో బాగాలేని మనిషిని చూసినట్టు నన్ను చూశాడు.

“అన్నా, అది సముద్రానికి. మెడ్రాసోళ్లు తీసకపోతారు. మీ ఎరతో అది కదలనే కదలదు. మీరు బలంకొద్దీ ఇసిరి కదిలించినా, ఎర పొయ్యి నీళ్లలో పడినాక గూడా ఇది తిరగతానే ఉంటాది. అప్పుడు దారం యాడికి పోతాది? లోపలే చిక్కు పడతాది.”

“తిరగతా ఉండేది మంచిది కాదు, నిలిచిపొయ్యేది మంచిదని చెప్పే అంగడి ఇదొకటే సూసినా నేను.”

“సరేన్నా. దారం కొంచెం తగ్గించి చుట్టనా?”

“నిండా చుట్టు.”

“నిండా అంటే...”

“నిండా అంటే నిండానే!”

అంచు పొంగేదాకా చుట్టించుకున్నాను. కడ్డీ, ఎర కూడా అక్కడే కొన్నాను. పోయేటప్పుడు ఆయన మెల్లిగా, “సరిపోకుంటే తీసుకోని రాండన్నా, మార్చిస్తా” అన్నాడు.

“రాను” అన్నాను.

ఇంటికొచ్చి మిద్దె మీద విసిరి చూశాను. ఎర నా చెప్పు పక్కనే పడింది. రీలు మాత్రం మగ్గం చక్రం మాదిరి తిరిగి తిరిగి, లోపలి దారాన్నంతా పైకి కక్కేసింది. కుక్క పీకిన దూది పరుపులాగా తయారైంది. చిక్కు తీసి ఈసారి ఒళ్లంతా బలం చేసి విసిరాను. ఎర ముందుకు పోకుండా వెనక్కొచ్చి, బట్టలు ఆరేస్తున్న సుజన నైటీకి పట్టుకుంది.

“ఏమయ్యా, కొరమీను పడిందా?”

“కదలొద్దు.”

“పట్టినోడిదే తలకాయ అనింది గదా మీ యత్త. రా, నా తలకాయ తిను. రోజూ తినేదే గదా.”

ముల్లు తీసేసరికి నైటీ చిరిగింది. అమర్‌నాథ్ దగ్గరికి పోయి మార్చుకురమ్మంది. పోతే ఆయన “చెప్పినా గదన్నా” అంటాడు. ఆ మాట వినడం కంటే ఈ గాలాన్ని మింగడం మేలనిపించింది.

అప్పుడు తట్టింది. మగ్గం మీద పడుగు పోగులు ఒకదానికొకటి చుట్టుకోకుండా మేం ఏం చేస్తాం? గంజి పెడతాం! ఇంత చిన్న విషయం ఈ రీళ్లు చేసేవాళ్లకు తెలియదంటే జాలి వేసింది. సుజన చేత చిక్కగా గంజి కాయించాను. దారమంతా విప్పి, నీళ్ల ట్యాంకుకీ మెట్ల కమ్మీకీ మధ్య అటూ ఇటూ లాగి కట్టి, కుంచెతో గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టాను.

“ఇస్త్రీ గూడా చేసేదా?” అని అడిగింది సుజన.

మళ్లీ చుట్టి విసిరాను. దారం కరకరమంటూ వచ్చింది. ఎర పోయిన దూరం గొప్పగా చెప్పుకునేది కాదు, మా మిద్దె పిట్టగోడ కూడా దాటలేదు. అయితే చిక్కు పడలేదు. ఒక్క చిక్కు కూడా పడలేదు! ఆ సాయంత్రం నేను కుర్చీ మీది బట్టలు పక్కన పెట్టి దాంట్లో కూర్చున్నాను.

ఆదివారం వడమాలపేటకు పోయాం. ఇద్దరల్లుళ్లూ కుంటకు పోతున్నారని అత్త కోడిని తెప్పించలేదు. పెద్ద కుండ కడిగి పెట్టుకుంది, చింతపండు నానేసింది, మసాలా నూరుతోంది. నా రీలును చూసి యోగానంద కుంట దాకా నవ్వు ఆపుకున్నాడు. అక్కడికి పోయాక ఆపుకోలేకపోయాడు.

“అన్నా, ఇది పడవని కట్టేసేదా?”

“నీ పని నువ్వు సూసుకో” అని విసిరాను.

రీలులోంచి తెల్లగా గంజి పొడి లేచింది.

“అన్నా, నీ రీలు బీడీ తాగతా ఉండాది.”

రెండోసారి విసిరాను. ఎర గట్టుకి అవతల, నీళ్లలోనే పడింది. నాకు ఒళ్లు పులకరించింది. వెనక్కి చుట్టుకుని మూడోసారి విసిరేసరికి నేను మరిచిపోయిన సంగతి ఒకటి బయటపడింది. మగ్గం పొడి చోటులో ఉంటుంది. కుంటలో నీళ్లుంటాయి. తడిసిన గంజి మళ్లీ గంజయింది. దారం జారింది, రీలుకు పౌరుషం వచ్చింది. ఎర నా కాళ్ల ముందే నీళ్లలో పడిపోతే, రీలు మాత్రం మెడ్రాసు దాకా పోయేదానిలా తిరిగింది. ఆగాక చూస్తే అది రీలు కాదు, జిగురు చిక్కుల ముద్ద.

గట్టు మీద కూర్చుని చిక్కు తీయడం మొదలుపెట్టాను. తీస్తూ రీలును తిట్టాను, అమర్‌నాథ్‌ను తిట్టాను, సెల్‌ఫోన్ టవర్లన్నింటినీ తిట్టాను.

“కొంచెం మెల్లిగా తిట్టుకో అన్నా. చేపలు యింటాయి” అన్నాడు యోగానంద.

విన్నాయి. ఆ రోజు ఆయన ఎర వైపు ఒక్క చేప కూడా తొంగి చూడలేదు. ఎండ నెత్తికెక్కింది. అత్త ఫోన్ చేసి పులుసు మరుగుతోంది, చేపలు ఎక్కడంది. యోగానంద కడ్డీ మడిచేశాడు.

నేను లేవబోతూ నా దారం నీళ్లలోకి దిగిన చోటు చూశాను. గంజి కరిగి నీళ్లు తెల్లబడ్డాయి. ఆ తెల్ల నీళ్లలో బుల్లి బుల్లి పరిగె చేపలు పెళ్లి భోజనానికి వచ్చినట్టు ముసిరి, దారాన్ని నాకుతున్నాయి. పోండి అని దారాన్ని చేత్తో లాగాను. చివర ఏదో గిలగిలమంది. పైకి తీశాను. నా చూపుడు వేలంత పరిగె. ముల్లు సరిగ్గా నోట్లోనే తగిలి ఉంది, ఇది ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్తాను.

“పడింది! పడింది!” అని అరిచాను.

“అన్నా, అది గంజికి వచ్చింది. నీ రీలుకి రాలే.”

“గంజి ఎవురిది?”

“నీదే.”

“దారం?”

“నీదే.”

“చేప మాత్రం టవర్ కంపెనీదా?”

దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. అత్త పెద్ద కుండ ముందర నిలబడి నా అరచేతిలోకి వంగి చూసింది.

“మిగిలినవి యాడ?”

“ఇంతే అత్తా.”

పులుసు ఒక్కటే గుబగుబమంది.

“ఎవురు పట్టింది?”

“నేనే.”

“అది లెక్కలోకి రాదత్తా,” యోగానంద మొదలుపెట్టాడు, “గంజి పూసి...”

“నువ్వేం పట్టినావు నాయనా?”

“ఏం లేదత్తా.”

“అట్లయితే నోరు పట్టుకో.”

కత్తిపీట మీద అది నిలవకపోతే గోటితోనే శుభ్రం చేసి, కుండలో వేసింది. ఇంటిల్లిపాదీ విస్తళ్ల ముందు కూర్చున్నాం. నేను అన్నంలో గుంట చేసుకున్నాను. అత్త గరిటె పెట్టి వెతికింది. కుండంతా వెతికింది. మాట ఇచ్చిన మనిషి కదా, పక్కన గిన్నెలోకి పులుసంతా వంచి మరీ వెతికి, చింతగింజంత తలకాయను గరిటె చివర పట్టుకొచ్చింది. యోగానంద విస్తరి మీదుగా వచ్చి నా గుంటలో పెట్టింది.

“తిను పెద్దల్లుడా” అంది.

అందరూ చేతులాపి నన్నే చూస్తున్నారు. సుజన కూడా నవ్వలేదు. తలకాయను మూడు వేళ్లతో తీసి నోట్లో పెట్టుకున్నాను.

కాసేపాగి యోగానంద అడిగాడు: “అన్నా, నమలతా ఉండావా, మింగేసినావా?”

“మాట్లాడించొద్దు,” అన్నాను, “కండ్ల దగ్గర ఉండా.”

అందరి భోజనాలూ అయిపోయి విస్తళ్లు ఎత్తేసినా నేను లేవలేదు. నిదానంగా జుర్రుకుంటూ కూర్చున్నాను.