చోటు లేని బడి

పంటల పండగకి బడిపిల్లలంతా తలా ఒక రొట్టె తేవాలి. పదేళ్ల సనోబర్ కూడా తెచ్చింది. తల్లి హోసియత్ పొద్దున్నే లేచి, నువ్వులద్ది, మట్టిపొయ్యిలో కాల్చిచ్చిన రొట్టె. పంతులమ్మ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ల్యులీ వాళ్లది. ఎవరు తింటారిది?" అంది. వేడి తగ్గని ఆ రొట్టెను కాపలావాడి కుక్క గిన్నెలో పడేయించింది.

"ఎవరిదే ఆ రొట్టె?" అని ఊళ్లోని ఒక పిల్ల ఇకిలిస్తూ అడిగింది.

"నాది కాదు" అంది సనోబర్.

చూశారా! కొట్టలేదు, తిట్టలేదు. అమ్మ చేతి రొట్టెను నాది కాదనిపించారు. ఇంతకుముందే సనోబర్ ఇంకా చాలా నేర్చింది. ఇల్లెక్కడంటే బజారు వెనక అని అబద్ధమాడటం నేర్చింది. పాత ఇనుము బండి తోస్తూ తల్లి ఎదురైతే పక్క సందులోకి తప్పుకోవటం నేర్చింది. గొంతెత్తి పాడే పిల్ల ఇప్పుడు నేలచూపులు చూస్తూ మాట్లాడుతోంది.

ఓష్ అనే ఊరి చివర, పాత ఇనుము ఏరుకుని బతికే వాళ్ల పేట. వాళ్లు తమను ముగాత్‌లమని చెప్పుకుంటారు, ఊరేమో ల్యులీలని ఈసడిస్తుంది. వాళ్ల పిల్లలకి బడి వెనక రేకుల షెడ్డు, అదీ నాలుగో తరగతి దాకానే. లెక్కల్లో అందరికంటే ముందున్న సనోబర్ రెండో ఏడు కూడా నాలుగులోనే కూర్చుంది. ఐదో తరగతి పెద్ద భవనంలో ఉంది. అక్కడ చోటు లేదన్నాడు బడి డైరెక్టరు.

"రొట్టె బావుందన్నారా?" సాయంత్రం హోసియత్ అడిగింది.

"అందరూ తిన్నారమ్మా."

"అబద్ధం పిన్నీ! కుక్క తింది" అంది పక్కింటి పిల్ల.

హోసియత్ చీకటి పడకముందే పేటనంతా తన వాకిట్లో కూడేసింది.

"మనకెందుకే గొడవ? ఉన్న షెడ్డు కూడా పీకేస్తారు" అన్నాడు రజబ్ తాత.

"పీకనీ తాతా! నా కూతురు నన్ను చూసి మొహం చాటేస్తోంది. ఇంకా ఏం మిగిలిందని దాచుకోవాలి?"

"పోయి కాళ్లు పట్టుకుందాం" అన్నారెవరో.

"ఎన్నిసార్లు పట్టుకున్నాం? చేతులు నొప్పెట్టలేదూ? వినండి. ఎదురుగా రొట్టె పట్టుకు నిలబడితే ఒక్క ముక్కయినా తుంచి నోట్లో వేసుకోకుండా కదిలేవాడు ఈ నేలమీద లేడు. రేపు బడి గేటు దగ్గర అందరం నిలబడదాం. తింటారో, మన మొహంమీదే కాదంటారో తేల్చుకోనీ."

మర్నాడు నలభైమంది ఆడవాళ్లు రొట్టెలతో గేటు ముందు బారుతీరారు. వెనక పిల్లలు. పిల్లల్ని దింపడానికొచ్చిన పెద్దలకి కాళ్లాడలేదు. కొందరు తలలు తిప్పుకున్నారు. టీ అమ్ముకునే ముసలామె ముందుకొచ్చి ముక్క తుంచుకుంది. ఆమెను చూసి మరో నలుగురు తుంచుకున్నారు.

డైరెక్టరు ఊగిపోతూ వచ్చి హోసియత్ చేతిని తోశాడు. రొట్టె బురదలో పడింది. జనమంతా అయ్యయ్యో అన్నారు. ముసలామె వంగి దాన్ని తీసి, తుడిచి, నుదుటికి అద్దుకుంది.

"ఐదో తరగతిలో మా పిల్లలకి చోటెక్కడ?" అని అరిచింది హోసియత్. డైరెక్టరు పిలిపించిన పోలీసులు ఆమెను జుట్టు పట్టి జీపులో పడేశారు. ఆడవాళ్లు మాత్రం కదల్లేదు.

డైరెక్టరు గొంతు మార్చాడు. సనోబర్ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు తెలివైన పిల్లవి. నీ ఒక్కదానికి చోటిస్తాను. రా లోపలికి. వీళ్లని ఇళ్లకి పొమ్మను."

సనోబర్ లోపలికి నడిచింది.

"ఒసేయ్, అమ్మను జీపెక్కించి తీసుకుపోతే నువ్వు లోపలికి వెళ్తున్నావటే!" అని ఒక అత్త ఏడ్చింది.

ఐదో తరగతి గదిలో వెనకాల మూడు పొడుగు బల్లలు ఖాళీగా పడి ఉన్నాయి. వాటిమీద వేలెడు దుమ్ము. వాటిని చూసేసరికి సనోబర్‌కి ఒళ్లు మండిపోయింది. ఒకదాని కాలు పట్టి లాగింది. బల్ల కీచుమంటూ నడవా దాటి, మెట్లు దిగి, వాకిట్లోకి వచ్చింది.

"చోటు లేదన్నారుగా! లోపల ఇంకా రెండున్నాయి. రండ్రా, పట్టండి!"

షెడ్డు పిల్లలంతా గేటు తోసుకుని పరుగెత్తారు.

రెండో జీపు వచ్చేసరికి వాకిట్లో మూడు బల్లలు, వాటిమీద ఇరుక్కుని ముప్పైమంది పిల్లలు. పోలీసు ముందు సనోబర్‌ని ఎత్తుకుపోయాడు. తిరిగొచ్చి చూస్తే ఆమె చోట్లో పక్కింటి పిల్ల కూర్చుని ఉంది.