విత్తనాల గదిలో కుర్చీలు

“ఈసారి మూయించేస్తారే, నాకు తెలుసు. తలుపుకి సీలు వేస్తుంటే మనం వీధిలో నిలబడి చూడాలి,” అంది తల్లి, ఇంకా ఎవరూ గుమ్మంలో అడుగు పెట్టకుండానే.

ఇంటి ముందుగదిలోనే కూతురి విత్తనాల సంస్థ. రైతులు నాటు విత్తనం అరువు పట్టుకెళ్ళి, పంట చేతికొచ్చాక రెండింతలు తెచ్చి పోస్తారు. అందుకని డబ్బాల్లో విత్తనం ఏటా పెరుగుతూనే ఉంది. తరిగేది డబ్బే. ఇద్దరు పనివాళ్ళ జీతాలు, గోదాము అద్దె, అన్నీ దాతల సంఘం ఇచ్చేదాంతోనే గడవాలి. ఆ సంఘం అధికారి ఏడాదికోసారి వచ్చి చూసి, ఎంత ఇవ్వాలో తేలుస్తాడు.

ముందటేడు ఆయన వస్తున్నాడనగానే తల్లి గదంతా కలియజూసింది. బోసిగదిని చూసి వీళ్ళకేం చేతనవుతుందనుకుంటాడేమోనని, కుర్చీలు అద్దెకిచ్చే పక్కింటాయన్ని బతిమాలి వరసగా కుర్చీలు వేయించింది, పెద్ద ఫ్యాను పెట్టించింది. అధికారి చల్లగా కూర్చుని, కలిగినవాళ్ళే కదా అని ఇచ్చే డబ్బులో మూడో వంతు కోసేశాడు.

నిరుడు తల్లికి తెలివొచ్చింది. ఉన్న రెండు కుర్చీలనూ అటకెక్కించి, బల్బు కూడా పీకేసింది. అధికారి చీకట్లో బీరగింజల బస్తా మీద కూర్చుని, ఇచ్చిన డబ్బంతా ఏమైందని అడిగి, ఇంకొంత కోసేశాడు.

ఇంకోసారి కోస్తే తాళం వేయడమే. “నీకు దణ్ణం పెడతానమ్మా, ఈసారి పుల్ల కూడా జరపకు,” అంది కూతురు.

అధికారి వచ్చాడు. డబ్బాలు చూశాడు, లెక్కలు చూశాడు. తల్లి చేతులు వెనక్కి కట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

“ముందటేడు గదినిండా కుర్చీలు. నిరుడు ఒక్కటీ లేదు. ఇవాళ రెండు. లెక్కల్లో కుర్చీల పద్దే లేదేం?” అన్నాడు అధికారి.

కూతురు తల్లికేసి చూసింది.

“రెండే మావి బాబూ,” అంది తల్లి. “అప్పటివి పక్కింటాయనవి, మమ్మల్ని తక్కువగా చూస్తారేమోనని. నిరుడు మావి అటక మీదున్నాయి, ఎక్కువగా చూస్తారేమోనని. దీనికేం తెలీదు. జైలంటే నన్నే తీసుకెళ్ళండి. మందుబిళ్ళలు సంచిలో సర్దుకునే ఉన్నాను.”

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. డబ్బాల వరసకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆలోపే తల్లి మనసులో తలుపుకి సీలు పడిపోయింది, పనివాళ్ళు వేరే కొలువులు వెతుక్కున్నారు, జైల్లో దుప్పటి ఇస్తారో ఇవ్వరో అన్న బెంగ కూడా మొదలైంది.

“విత్తనం లెక్క గింజ తేడా లేదు,” అన్నాడాయన చివరికి. “డబ్బు కోసేయక ముందు ఎంత ఇచ్చేవాళ్ళమో అంతా ఇస్తాం. మీరు మాత్రం వచ్చే ఏడు ఏమీ సర్దకండి, పెద్దమ్మా.”