బీదరు పోయిన సుల్తాన్

సుజన పావురాల గూడు గీకుతోంది. పెళ్లయిన పదకొండేళ్లుగా పొద్దున్నే ఆమె చేతికి అందేది ఆ రేకు ముక్కే. పావురాలు మొగుడివి, రెట్ట ఆమెది. చాంద్రాయణగుట్టలో ఆ మేడ మీద పంపకాలు అలా జరిగాయి మరి.

మొగుడు ఇశ్రాయేలు తన పావురం సుల్తాన్ గురించి కోతలు మొదలుపెడితే చాయ్ హోటల్లో ఎవరూ లేవకూడదు. సుల్తాన్ ఓసారి బీదరు దాకా పోయి, కోట చుట్టూ మూడు చుట్లు కొట్టి, ఇశ్రాయేలు చాయ్ చల్లారకముందే మేడ మీద వాలిందట. ఆ చాయ్ ఎవరు పెట్టారన్నది మాత్రం కథలో ఎన్నడూ రాదు.

క్రిస్మస్ స్టారు ఇంకా అటక దిగలేదు కానీ చలి దిగింది. చలితో పాటే బైరి డేగ వచ్చి ఫ్లైఓవర్ అవతల సెల్‌టవర్ మీద కూర్చుంది. పావురాల కోసం ఇశ్రాయేలు కొన్న దుర్భిణీకి ఫోను ఆనించి, ఊపిరి బిగబట్టి, సుజన దాన్ని ఫోటోలు తీస్తుంది. అతనికి ఆ దుర్భిణీలో తన పావురాలు తప్ప ఇంకేదీ ఆనదు. ఆమెకేమో ఆ డేగను చూసినంతసేపూ తననెవరూ పిలవనట్టుంటుంది.

పిలవకుండా ఎందుకుంటారు? "మూడు చీరలు ఆరేసేతందుకు గంటనా?" అంటుంది అత్త మాణిక్యమ్మ. చీర కొంగు పిండి చూసి, కోడలు మేడ మీద ఎంతసేపు నిలబడిందో నిమిషాలతో సహా చెప్పగల మనిషి. "బట్టలారేసుడుకు ఫోనెందుకే?" అంటాడు ఇశ్రాయేలు.

ఓ బుధవారం ఇశ్రాయేలు డ్యూటీకి ఆలస్యమైందని, పావురాలన్నీ లోపలికొచ్చాయనుకుని, గూటికి గొళ్లెం పెట్టి బండెక్కాడు. సుల్తాన్ ఇంకా నీళ్ల ట్యాంకు మీదే ఉంది. అతని బండి సందు మలుపు తిరగకముందే, సుజన దుర్భిణీ ఎత్తేసరికి బైరి దాని మీద రాయి పడ్డట్టు పడింది. ఫోటో వచ్చింది. డేగ గోళ్లు, సుల్తాన్ కాలి నీలం కడియం, పైన టైము, అన్నీ స్పష్టంగా.

సాయంత్రం గూట్లో సుల్తాన్ లేదని లొల్లి మొదలైంది.

"గూడు గీకి గొళ్లెం మరిచినట్టుంది మహారాణి," అంది మాణిక్యమ్మ.

"మరిచిందో, ఎవనికన్న ఇచ్చిందో. మొన్న వీళ్లన్న అంజన్ వచ్చిండు గద, సంచి పట్టుకొని," అన్నాడు ఇశ్రాయేలు. "ఫోనియ్యి."

ఇచ్చింది. కాల్స్ చూశాడు, మెసేజీలు చూశాడు. దొరికిన మగపేరు ఒక్కటే, గ్యాస్ బండ తెచ్చే బబ్లూ. వేలు ఇంకొక్క అంగుళం పక్కకు జరిగితే ఫోటోలు. తన తప్పేమీ లేదని అందులో ఉంది, తప్పెవరిదో కూడా ఉంది. తీసి చూపిస్తే అయిపోతుంది. కానీ నిరుడు చిన్న డేగ ఒకటి వస్తే ఈ మనిషే మేడ నిండా గాజుపొడి పూసిన పతంగి మాంజా అల్లాడు. రెక్క తెగి వేలాడుతున్న దాన్ని విప్పిందీ, గోడ మీద నెత్తురు కడిగిందీ సుజనే.

అతని అనుమానం మగాడి కోసం వెతుకుతోంది, పిట్ట కోసం కాదు. ఫోను విసురుగా తిరిగిచ్చాడు.

"గొళ్లెం నేనే మరిచిన," అంది సుజన.

తల్లీకొడుకులిద్దరూ ఒక్కసారిగా ఆమె వైపు చూశారు. పదకొండేళ్లలో ఆమె ఇంత తేలిగ్గా ఒప్పుకున్నది లేదు.

"మల్ల మరుస్త గూడ. మరుపు మనిషి చేతిల గూడు పెట్టద్దు. రేపటి సంది నువ్వే గీక్కో, నువ్వే గొళ్లెం పెట్టుకో."

కోడలికి మరుపని మొదట అన్నది మాణిక్యమ్మే. రేకు ముక్క కొడుకు వైపు జరిపింది.

తెల్లారి ఇశ్రాయేలు ముక్కుకు రుమాలు కట్టుకుని, గూట్లో తల దూర్చి గీకుతున్నాడు. పిట్టగోడ దగ్గర సుజన దుర్భిణీ ఎత్తింది. టవర్ మీద బైరి ఈకలు సర్దుకుంటోంది.

"గంటసేపటి సంది ఏం చూస్తున్నవ్?" గూట్లోంచి అడిగాడు.

"నీ సుల్తాన్ కోసమే," అంది, ఫోను ఆనిస్తూ. "బీదరు దాకా పోయినట్టున్నది. వచ్చేదాంక రోజూ చూస్త."