మూత లోపలి బొట్టు

నేను ఒక హార్మోనియం పెట్టెను. కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే పాతకాలపు రకం. సాయంత్రం ఆరింటికి తెర లేవాలి, ఇంకా ఇరవై అయిదు నిమిషాలే ఉన్నాయి. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న తరంగ కళామందిరంలో, తెర వెనక, నలుగురు నన్ను చుట్టుముట్టి నిలబడ్డారు. నా మూత తీసి ఉంది. రాణి చేతిలోని సెల్‌ఫోను లైటు నేరుగా నా గొంతులో పడుతోంది.

"పోయింది" అంది రాణి. "విరగలేదు, తుప్పు పట్టలేదు. ఎవరో రీడు లాగేశారు."

"ఏ మెట్టుది?" కిరీటం చంకలో పెట్టుకుని అడిగాడు అప్పలస్వామి. ఈ సాయంత్రం నాటకంలో రాజు అతనే.

"ఐదు శ్రుతి, పై షడ్జమం."

 అప్పలస్వామి పాడేది ఐదు శ్రుతిలో. ప్రతి పద్యం చివరా ఆ పై షడ్జమం మీద నిలబడి రాగం తీస్తాడు. జనం వన్స్ మోర్ అని అరిచేది అక్కడే.

"నలభై రెండు మెట్లుంటే సరిగ్గా అదే పోనాదేటి? ఇది నా మీద చేసిన పనే!"

"పోనీ, కీబోర్డు పెట్టుకుందాం" అన్నాడు సెక్రటరీ భూషణరావు చెమట తుడుచుకుంటూ. "రాణి ఎలాగూ దాని మీద ఆరితేరిన మనిషేగా."

"కీబోర్డు ముందు పద్యం పాడమంటే ఈ కిరీటం మీరే ఎట్టుకోండి సెక్రటరీగారూ. నేను బస్సెక్కేస్తాను."

ఆ మాట వినగానే నాలో ఎంత సంతోషం పొంగిందో చెప్పలేను. ఇత్తడి రీడు, అంటే నా నాలుక, పోయిన నొప్పి కూడా తెలియలేదు. గోడవారగా నల్లకోటు తొడుక్కుని నిలబడ్డ ఆ కీబోర్డు వైపు చూశాను. ఎలా ఉంది దెబ్బ?

నా రీడు తీసిందెవరో నాకు తెలుసు. ఆ చేతిని చూశాను. అయినా చెప్పలేను, నాకున్న మాటలన్నీ మనుషులు నొక్కితే వచ్చేవే. చెప్పగలిగినా ఆ క్షణంలో చెప్పి ఉండేదాన్ని కాదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను పుట్టింది కలకత్తాలో. టేకుతో ఒళ్లు, మేకతోలుతో తిత్తి, ఇత్తడితో నాలుకలు. నన్ను మొదట కొన్నది విజయనగరంలో ఒక కలప వ్యాపారి. భార్యకు సంగీతం నేర్పించాలని ముచ్చటపడి తెచ్చాడు. ఆవిడ నాలుగు రోజులు సరళీస్వరాలు వాయించి, అయిదో రోజు నా మీద ఉతికిన బట్టలు మడతపెట్టింది. ఆరేళ్లు బట్టల బల్లగానే బతికాను. ఆ పైన ఒక నాటక సమాజం నన్ను ఎడ్లబండి ఎక్కించింది. అక్కడ నన్ను వాయించినాయన ఒకడు శ్రుతి తప్పినప్పుడల్లా నన్నే తిట్టేవాడు. మనుషుల పద్ధతి అంతే. చప్పట్లు వస్తే వేళ్లది గొప్ప, రాకపోతే పెట్టెది తప్పు.

తర్వాత నేను పైడిరాజు మాస్టారి చేతికొచ్చాను. నలభై ఏళ్లు. ఏ ఊళ్లో నాటకమైనా నన్ను తన పక్కనే పడుకోబెట్టుకునేవాడు. మా ఇద్దరికీ ఒక అలవాటు. నా మూత ఎత్తే ముందు చెప్పులు విడుస్తాడు, చొక్కా జేబులోంచి కుంకుమ భరిణె తీస్తాడు, మూత లోపలి చెక్క మీద ఒక్క బొట్టు పెడతాడు. ఆ తర్వాతే నా మీద చెయ్యి వేస్తాడు. వాయించడానికైనా, దుమ్ము దులపడానికైనా అంతే. నాటకం కాగానే పాత బొట్టు తడిగుడ్డతో తుడిచేస్తాడు. పెళ్లిలో కూడా ఆయన అంత శ్రద్ధగా బొట్టు పెట్టి ఉండడని నా నమ్మకం.

ఇలా బతుకుతుంటే ఈ డిసెంబరు వచ్చింది. ఊరి కళాసంఘం వాళ్లు నెలంతా పండగ పెట్టారు. ఒకరోజు పాటకచేరీ, మర్నాడు హాస్యం, ఆ మర్నాడు నాటకం. ముప్పై రోజులు, ముప్పై టిక్కెట్లు, ఒకే వేదిక. ఆ వేదిక మీద ఎడమ మూల నాది. కుడి మూలకి మొదటి రోజే ఆ కీబోర్డు దిగింది.

దాన్ని చూసిన క్షణం నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఒక మీట నొక్కితే వీణ. ఇంకోటి నొక్కితే వేణువు. మరోటి నొక్కితే వాన! హాస్యం రోజున కుక్కలా మొరిగింది కూడా. జనం ఈలలు వేశారు. నలభై ఏళ్లుగా పాడుతున్న నాకు రాని ఈలలు అది మొరిగితే వచ్చాయి. వాయించే ఎస్తేరు రాణి ముప్పై దాటని మనిషి. చర్చిలో కీర్తనలకు వాయిస్తూ నేర్చుకుందట. కచేరీ అవగానే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి, జిప్పు వేసేది. నేనేమో ఉప్పుగాలికి వేదిక మీదే.

పదో రోజు పాట మధ్యలో కరెంటు పోయింది. కీబోర్డు చచ్చిపోయింది. నా తిత్తి దడదడలాడింది. పిలవండి, ఒక్కసారి పిలవండి! నాకు కరెంటు అక్కర్లేదు, రెండు కాళ్లు చాలు! ఎవరో జనరేటర్ వేశారు. అది మళ్లీ లేచి కూర్చుంది. ఆ జనరేటర్ని ఈరోజుకీ నేను క్షమించలేదు.

పద్నాలుగో రోజు సింహాద్రి వంతు. అనకాపల్లి నుంచి వచ్చిన హాస్యగాడు, ఒంటరిగా మైకు పట్టుకుని గంటసేపు నవ్విస్తాడు. మాట మధ్యలో నా వైపు వేలు చూపించాడు.

"ఈ పెట్టెమ్మకి ఆయాసం. కాళ్లతో తొక్కితే గానీ ఊపిరి తియ్యదు. మా బావమరిదీ ఇంతే, తొక్కితే గానీ పనిలోకి ఎల్లడు!"

హాలంతా గొల్లుమంది. మూడో వరసలో మాస్టారు ఒక్కడే నవ్వలేదు. తెర వెనక సింహాద్రిని పట్టుకున్నాడు.

"నా పెట్టె జోలికొస్తే మర్యాదుండదు."

"ఊరుకో మాస్టారూ, జోకు. అయినా ఈ పెట్టె ఎన్నాళ్లు అరుస్తాదేటి? ఏదో రోజు మూగబోతాది" అని నవ్వేసి పోయాడు సింహాద్రి. ఆ మాట నలుగురి చెవినా పడింది.

ఇరవై ఒకటో రోజు అసలు దెబ్బ తగిలింది. ఆ రోజు నాటకంలో మాస్టారి మోకాళ్లు మధ్యలో ఆగిపోయాయి. నా ఊపిరి తెగింది, అప్పలస్వామి రాగం గాల్లో వేలాడింది. మర్నాడు సెక్రటరీ చేతులు నులుముకుంటూ వచ్చాడు.

"గురువుగారూ, ముగింపు రోజున మీకు సన్మానం. శాలువా, జ్ఞాపిక, రెండు మాటలు. మీరు దర్జాగా కుర్చీలో కూర్చోండి. నాటకానికి రాణి వాయిస్తుంది. మీ పెట్టె మీదే."

"శుభం" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత కష్టపడి వచ్చిందో నాకు వినపడింది.

ఇక నా సంగతి వినండి. ఇరవై ఏడో రోజు పగలు రాణి నా ముందు కూర్చుంది. బొట్టు పెట్టలేదు, అది ఆమె అలవాటు కాదు. కళ్లు మూసుకుని పెదవులతో ఏదో అనుకుంది. చెప్పులు మాత్రం విడిచింది. నన్ను అవమానపరచడానికి వచ్చిన శత్రువు మనిషి కదా, బిగుసుకుని పలుకుదాం అనుకున్నాను. మొదటి తొక్కుకే నా తిత్తి నిండుగా విచ్చుకుంది. పడుచు కాళ్లు. పదేళ్లుగా నేను మరచిపోయిన మంద్రం నా అడుగునుంచి లేచింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మాస్టారి దగ్గర కూడా నేను అలా పాడలేదు.

పాడుతూ మూడో వరస వైపు చూశాను. మాస్టారు చేతిలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. ఆయన ముఖంలో ఉన్నదేమిటో నేను వెంటనే గుర్తుపట్టాను. ఇరవై ఏడు రోజులుగా నేను మోస్తున్నదే.

నెలంతా కుళ్లింది నేను. నా కోసం ఒకరు కుళ్లడం అదే మొదటిసారి. నిజం ఒప్పుకుంటాను, నాకు ఎంత బాగుందో!

ఈరోజు మధ్యాహ్నం రెండింటికి అందరూ బిర్యానీ పొట్లాల దగ్గరున్నారు. తెర పక్కనుంచి ఒక మనిషి వచ్చాడు. చెప్పులు విడిచాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. నా మూత లోపల ఒక్క బొట్టు పెట్టాడు. దొంగతనానికి వచ్చి కూడా బొట్టు పెట్టాడు! తర్వాత సన్నటి కొక్కెంతో రీడు లాగి, చేతిరుమాలులో చుట్టుకుని, వచ్చినంత మెల్లగా వెళ్లిపోయాడు. చెప్పులు కిర్రుమనడం కూడా వినపడలేదు.

అదీ కథ. మళ్లీ ఇప్పటికి వద్దాం.

"ఇంకెవరు చేస్తారు?" పక్కనే ఉన్న సింహాద్రి వైపు తిరిగి సెక్రటరీ గట్టిగా అన్నాడు. "మూగబోతాది అని ఆ రోజే చెప్పాడు కదా. సింహాద్రీ, రీడు ఎక్కడ?"

"నాకు రీడేటో గోడేటో తెల్దు సార్! మా అమ్మ తొలిసారి నా ఆట చూడ్డానికొచ్చింది, ముందు వరసలో కూకుంది. ఈరోజు ఎదవపని చేస్తానా?"

"ఈ సాయంత్రం నీ పదినిమిషాల ఆట రద్దు. మీ అమ్మని తీసుకుని బయల్దేరు. మళ్లీ ఈ వేదిక ఎక్కనివ్వను. కారణం మైకులో కూడా చెబుతాను."

సింహాద్రి ముఖం నుంచి నవ్వు పోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. "మైకులో వద్దు సార్. మా అమ్మ ఇంటాది" అన్నాడు.

ఆ గొడవలో అందరూ అటు తిరిగారు. రాణి మాత్రం తిరగలేదు. సెల్‌ఫోను లైటు నా మూత లోపలి చెక్క మీద ఆగిపోయింది. కుంకుమ. ఇంకా రాలని ఎర్రదనం. మొన్న తను తెరిచినప్పుడు అక్కడ ఏమీ లేదు. ఆ బొట్టు అలవాటు ఎవరిదో ఆమె నెలంతా చూసింది, ఆ క్షణంలోనే ఆమెకు అర్థమయింది.

ఇప్పుడు అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. తన తెల్లచున్నీ కొంగు పట్టుకుని ఆ బొట్టును నెమ్మదిగా తుడిచేసింది. ఒక్కసారికి పోలేదు. రెండోసారి తుడిచింది.

"జరగండి, నేను చూస్తాను." ఇంతసేపూ గుమ్మం దగ్గరున్న పైడిరాజు మాస్టారు ముందుకొచ్చాడు. సంచిలోంచి చేతిరుమాలు తీశాడు. "పాత రీడు ఒకటుంది నా దగ్గర. సరిపోవచ్చు."

సరిపోకేం? నాలుగు నిమిషాల్లో నా నాలుక నా నోట్లోకొచ్చింది. ఆయన నొక్కాడు, నేను పలికాను. అప్పలస్వామి కిరీటం పెట్టుకున్నాడు.

"మాస్టారే వాయించాల! పిల్లకి ఇయ్యద్దు. రీడు పోతే బాగుచేసుకోడం తెలీని మనిషి ఏటి వాయిస్తాది?"

సెక్రటరీ తల ఊపాడు. మాస్టారు అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. కుర్చీ మాస్టారిదే, నేను మాస్టారిదాన్నే. నాకు గెలిచినట్టుండాలి. మరి ఆ పడుచు కాళ్లు ఎందుకు గుర్తొస్తున్నాయి?

రాణి పక్కకు జరిగింది. "మీరే కూర్చోండి మాస్టారూ" అంది. "నాకు ఇంకా చాలా సాయంత్రాలున్నాయి."

ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది. మాస్టారు కూర్చోబోతూ ఆమె చున్నీ వైపు చూశాడు. తెల్లటి కొంగు మీద ఎర్రటి మరక. ఆయన చెయ్యి తనంతట తానే చొక్కా జేబు తడుముకుంది. భరిణె అక్కడే ఉంది. ఆయన రాణి కళ్లలోకి చూశాడు. ఆమె కళ్లు దించుకుంది, తప్పు తనే చేసినట్టు.

ఆయన కూర్చోలేదు.

తెర లేచింది. హాలు కిక్కిరిసి ఉంది. ముందు సన్మానం. శాలువా కప్పారు, దండ వేశారు. గుమ్మం దగ్గర సింహాద్రి సంచీ భుజాన వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ "ఎందుకురా ఎల్లిపోతన్నాం?" అని అడుగుతోంది. సెక్రటరీ మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఈ సందర్భంగా ఒక విచారకరమైన..."

మాస్టారు ఆ మైకు ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

"సింహాద్రీ, ఆగు. అమ్మా, మీరు కూడా వచ్చి కూర్చోండి." ఆయన నా వైపు తిరిగాడు. "రాణమ్మా, ఇలా రా. శ్రుతి ఇయ్యి. శ్రుతి లేకుండా నలభై ఏళ్లలో ఈ వేదికల మీద నోరెత్తలేదు. ఇప్పుడూ ఎత్తను."

రాణి చెప్పులు విడిచి నా ముందు కూర్చుంది. కాళ్లు కదిలాయి. నా తిత్తి నిండింది. ఆమె వేలు సరిగ్గా ఆ మెట్టు మీదే ఆనింది. ఐదు శ్రుతి, పై షడ్జమం. నేను పలికాను. గోడవారగా కీబోర్డు ఉంది. దాని వైపు చూడాలని గుర్తు రాలేదు.

 మాస్టారు శాలువా తీసి మడిచి, రాణి ఒళ్లో చున్నీ మరక మీద పెట్టాడు. మైకు నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు.

"ఈరోజు మధ్యాహ్నం ఈ పెట్టెలో రీడు పోయింది. ఈ పిల్ల కుర్చీ ఈ పిల్లకు దక్కకూడదని ఓర్వలేక తీశాడొకడు. తీసేముందు బొట్టు పెట్టాడు సిగ్గులేనివాడు. అది ఈ పిల్ల తుడిచి దాచింది. నేను దాచను. వాడి పేరు మీ అందరికీ తెలియాలి."

నేను ఆ షడ్జమాన్ని వదలకుండా పట్టుకున్నాను. దాని మీద నిలబడి, ఒక్క అక్షరం కూడా తొట్రుపడకుండా ఆయన చెప్పాడు.

"బోణి పైడిరాజు."