ముప్పై రెండు ‘కాదు’లు

బడి నుంచి కాగితం వచ్చిందంటే ఆమెకు చదవకముందే చేతులు చల్లబడతాయి. ఇన్నేళ్లలో కాగితం మీద వచ్చిన మంచి వార్తంటూ ఆమె ఎరగదు. ఇల్లు ఖాళీ చేయమన్నదీ కాగితమే, తమ్ముడి జాడ తెలియలేదని పోలీసులు చేతికిచ్చిందీ కాగితమే.

అందుకే కూతురి సంచిలో ఆ కవరు కనబడగానే, ఆసుపత్రి లాండ్రీలో పొద్దుటి నుంచీ దుప్పట్లు మడతపెట్టి నొప్పెడుతున్న నడుం సంగతి కూడా మరిచిపోయి, నిలబడే చించింది.

పిల్లకు పదకొండేళ్లు. వాదనకు దిగితే వదలదని తండ్రి ‘లాయరు’ అని పిలుస్తాడు.

“ఏంటే ఇది? ఏం చేశావు బళ్లో?”

“ఏం చెయ్యలేదమ్మా. మొన్న ఏదో పరీక్ష పెట్టారు. భలే ఉంది. ఇది ఇంట్లోవాళ్లు నింపాలట.”

మొత్తం ముప్పై రెండు ప్రశ్నలు. ఒక్కోదానికి ఎదురుగా రెండు గళ్లు, అవును, కాదు. ఎందుకోసమో ఎక్కడా రాసిలేదు. మీ బిడ్డ తన ఈడు పిల్లల కంటే తక్కువ నిద్రపోతుందా? చెప్పిన మాటకు ఎదురు ప్రశ్నలు వేస్తుందా? చిన్న విషయాలకు అతిగా బాధపడుతుందా? తోటివారితో కలవకుండా ఒంటరిగా ఉంటుందా? ఒకే విషయం పట్టుకుని రోజుల తరబడి వదలకుండా ఉంటుందా?

చదివినకొద్దీ ఆమెకు తన కూతురినెవరో నిలబెట్టి తిడుతున్నట్టే అనిపించింది. అన్నీ ఉన్నాయి పిల్లలో. మొన్నటికి మొన్న, దుప్పటి ఎన్ని ఉతుకులకు చిరుగుతుందని అడిగింది. తెలియదంటే ఊరుకుందా? దుప్పటి కొత్తగా వచ్చిన రోజున అంచున గుద్దే తేదీలు నెల రోజుల పాటు తల్లి చేత రాయించుకుని తెప్పించింది. చివరికి, పిల్లల వార్డు దుప్పట్లే అన్నిటికంటే ముందు చిరుగుతున్నాయని తేల్చి, ఎందుకో కనుక్కు రమ్మంది. ఆ మాట పనిలో చెబితే పక్కన దుప్పట్లు మడిచే ఆవిడ, “నీ కూతురికి నీ ఉద్యోగం ఇప్పించవే, నువ్వెళ్లి బళ్లో కూర్చో” అని నవ్వింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. తమ్ముడూ అంతే. వీధిలో వెళ్లే లారీల నంబర్లు గోడ నిండా రాసి, వాటిలోంచి ఏవో లెక్కలు తీసేవాడు. బళ్లో కొట్టారు, ఇంట్లోనూ కొట్టారు. వాడి బుర్రకు ఏం కావాలో అడిగిన నాథుడు లేడు. పదిహేడో ఏట ఇంట్లోంచి వెళ్లినవాడు వెళ్లినట్టే పోయాడు.

వ్యాను తోలే పని నుంచి భర్త వచ్చేసరికి ఆమె ఇంకా కలం పట్టుకునే ఉంది.

“ఉన్నదున్నట్టు రాసి పడెయ్యవే. మన లాయరు సంగతి బడికి తెలీదా?”

“ఉన్నదున్నట్టు రాస్తే దాన్నెక్కడికి పంపుతారో!”

“ఎక్కడికి పంపుతారు, అండమానుకా?”

“మీకన్నీ వేళాకోళమే. నా తమ్ముడప్పుడు కూడా అందరూ నవ్వినవాళ్లే.”

ఆయన తువ్వాలు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ మాట వస్తే ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆమె మొదటి ప్రశ్నకు ‘కాదు’ దగ్గర టిక్కు పెట్టింది. ఒకటి పెట్టాక మిగతావి సులువయ్యాయి. ఆఖరి ప్రశ్న, మీ కుటుంబంలో ఇలాంటి స్వభావం గలవారు ఎవరైనా ఉన్నారా, అన్నచోట కలం కాసేపు ఆగింది. తమ్ముడి ముఖం కళ్లముందు మెదిలింది. అక్కడా ‘కాదు’ పెట్టి, కింద సంతకం చేసింది.

మూడు వారాలకు పిలుపు వచ్చింది.

హెడ్మాస్టరు గదిలో హెడ్మాస్టరు లేడు. ఆయన కుర్చీలో పై ఆఫీసు నుంచి వచ్చిన పరీక్షల మేడం కూర్చుని ఉంది. పక్కన, ఈ ఏడే చేరిన క్లాసు టీచరు నిలబడి ఉంది. పిల్లను కూడా పిలిపించారు.

మేడం మెత్తగానే చెప్పింది. జిల్లా మొత్తంలో చురుకైన పిల్లలను ఏరి, ఇరవై మందితో వేరే బడిలో ఒక క్లాసు పెడుతున్నారు. పిల్లల తెలివికి తగ్గ పాఠాలు, వాళ్ల తీరు తెలిసిన టీచర్లు. పన్నెండు నిండేలోపు చేరాలి. పరీక్షలో ఈ అమ్మాయికి అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి.

ఆమెకు ఆ అంకె బుర్రకెక్కేలోపే మేడం రెండో కాగితం తీసింది.

“కానీ ఇది చూడండి. మీరు నింపిందే. ముప్పై రెండూ ‘కాదు’. ఇందులో ఇరవై దాకా ‘అవును’ వస్తేనే మేము తీసుకుంటాం. అలాంటి లక్షణం ఒక్కటీ లేని పిల్లకు యాభై ఎనిమిది రావడం నేనింతవరకు చూడలేదు. పైగా పక్క బెంచీ అబ్బాయి జవాబులూ ఈమె జవాబులూ దాదాపు ఒకటే.”

“సరైన జవాబులు ఎవరికైనా ఒకటే ఉంటాయి కదా మేడం,” అంది పిల్ల.

క్లాసు టీచరు నవ్వు ఆపుకుంది. మేడంకి ఆపుకోవాల్సిన పని పడలేదు, నవ్వే రాలేదు.

తల్లి ఒక అడుగు ముందుకేసింది. “అది నేను తప్పు రాశానమ్మా. నా బిడ్డకు అన్నీ ఉన్నాయి. నిద్రపోదు, ప్రశ్నలతో చంపుతుంది, పట్టిందంటే వదలదు. ఏదో జబ్బు కోసం అడుగుతున్నారనుకున్నాను.”

“ఎందుకోసమో ముందే చెబితే అందరూ ‘అవును’ అనే పెడతారని చెప్పమమ్మా. ఇప్పుడు మీకు తెలిసింది కాబట్టి మీరూ అంటున్నారు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది ఆమె పని. అబద్ధం చెప్పినప్పుడు ఇట్టే నమ్మారు, నిజం చెబితే నమ్మేవాళ్లు లేరు.

“నేను క్లాసులో చూస్తున్నాను మేడం,” అంది టీచరు.

“మీరొచ్చి రెండు నెలలేగా. చూడండమ్మా, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారు. అమ్మాయి చూసి రాసి ఉండాలి, లేదా మీరు సంతకం పెట్టి మరీ తప్పు చెప్పి ఉండాలి. గురువారం పొద్దున అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మళ్లీ పరీక్ష పెడతాను. దాంతో తేలిపోతుంది.”

ఇంటికొచ్చాక ఆమెకు అన్నం సహించలేదు. కాగితం కింద సన్నటి అక్షరాలతో ఒక వాక్యం ఉందని, రాసినవి తప్పని తేలితే చర్య తీసుకుంటామని ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

“ఆసుపత్రీ సర్కారుదే, బడీ సర్కారుదే. నన్ను పనిలోంచి తీసేస్తారేమో.”

“బళ్లోవాళ్లు నిన్ను లాండ్రీలోంచి ఎలా తీస్తారే? దుప్పట్లతో పాటు ఉతికేస్తారా?” అన్నాడు భర్త.

“నాకు భయంగా ఉందండీ.”

పిల్ల గోడవారగా కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది.

“అమ్మా, నువ్వు రాసింది నిజం కాదని నీకు తెలుసుగా. మరెందుకు రాశావు?”

“భయమేసిందమ్మా.”

“ఎవరిని చూసి? నన్నా?”

తల్లి లేచి వెళ్లి గిన్నెలు తోమసాగింది. పిల్ల మళ్లీ అడగలేదు. అడిగిన ప్రశ్నను మధ్యలో వదిలేయడం ఆ పిల్లకు అదే మొదటిసారి.

గురువారం ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ. లోపల ఒకే బెంచీ, ఒకే పిల్ల, ఎదురుగా మేడం, వెనక ఇంకొకాయన. గంటన్నర పరీక్షకు నలభై నిమిషాల్లోనే పిల్ల బయటికొచ్చింది.

“అయిపోయిందా? అన్నీ వచ్చినవేనా?”

“అన్నీ వచ్చినవే. పోయినసారి కంటే తేలిక.”

పదకొండేళ్లలో మొదటిసారి తల్లికి ఊపిరి తేలిగ్గా అందింది. అంతలో లోపలి నుంచి మేడం పిలిచింది. కాగితం అప్పుడే దిద్దేశారు. అరవైకి పంతొమ్మిది.

ఆమె కూతురి వైపు తిరిగింది. పిల్ల తల్లి చేయి పట్టి కిందికి లాగి, చెవిలో గుసగుసగా చెప్పింది.

“కావాలనే తప్పులు పెట్టాను. మనిద్దరిలో ఒకరు అబద్ధమాడారన్నారుగా. అది నేనైతే ఈ క్లాసే పోతుంది. నువ్వైతే నీ ఉద్యోగం పోతుంది. ఏది ఎక్కువో చూశాను.”

ఆమె మేడం ముందుకు వెళ్లింది. బల్ల అంచు పట్టుకుని, జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా మాట్లాడింది. “మేడం, ఇది కావాలనే తప్పు రాసింది. నా కోసం రాసింది. అబద్ధమాడింది నేను. నన్నేం చేసినా చేయండి, ఉద్యోగం తీసేస్తే తీసేయండి. ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి. నాకొక తమ్ముడుండేవాడు, వాడూ ఇంతే. ఆ కాగితంలో వాడు కూడా లేడని రాశాను.”

మేడం కలం కింద పెట్టింది. ఆ ముఖంలో మొదటిసారి ఏదో అనుమానం కదిలింది. పిల్లను దగ్గరికి పిలిచి, భుజం మీద చేయి వేసింది.

“నిజం చెప్పమ్మా. ఎవరూ ఏమీ అనరు. మీ అమ్మ చెబుతున్నది నిజమేనా?”

పిల్ల మేడం కళ్లలోకి సూటిగా చూసింది. రెప్ప ఆడలేదు.

“కాదు మేడం. మా అమ్మ నా కోసం అలా చెబుతోంది. మొదటిసారి పక్కవాడిది చూసి రాశాను.”

తల్లి కూతురి వైపు చూసింది. తన కడుపున పుట్టిన బిడ్డ, పెన్సిలు పోతే దానికోసం రెండు రోజులు ఏడ్చిన పిల్ల, ఇంత నిబ్బరంగా అబద్ధమాడటం ఎక్కడ నేర్చుకుందో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మేడం నిట్టూర్చి, జాబితాలో ఒక పేరు మీద అడ్డంగా గీత గీసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ క్లాసు టీచరు ముఖం తిప్పుకుంది.

“ఒప్పుకున్నావు, అది మంచి పని,” అంది మేడం.

“మేము వెళ్లొచ్చా మేడం?” అంది పిల్ల. “మా అమ్మకు డ్యూటీ టైమవుతోంది.”