దండకడియంలో లక్క

జానమ్మ మాట మీద ఆ పొద్దున పల్లెలోని మందలన్నీ దొడ్లలోనే ఆగిపోయాయి. తెల్లారాక గొర్రెలను మేపుకు తోలకుండా ఆపడమంటే పారే వాగుకు అరచేయి అడ్డం పెట్టడమే. గొర్రెలు ఒకటే అరుపు. కాపరులు కర్రలు పట్టుకుని ఆమె వంకే చూస్తున్నారు.

నిరుడు తొలకరి గడ్డి మేసిన గొర్రెలను చిటుక రోగం చిటికేసినంతలో కొట్టేసింది. పొద్దున ఎగిరి దూకిన గొర్రె మాపటికి కాళ్లు చాచింది. జానమ్మ మందలో సగం అట్లాగే పోయింది. ఏడ్చి ఏడ్చి లేచిన మనిషి, ఈసారి వానలకు ముందే అచ్చంపేట పశువుల దవాఖానకు నడిచిపోయి, సూదులు వేసే గాలయ్యను బతిమాలి ఒప్పించింది. ఊరిని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. ముఖ్యంగా ఆమె మొగుడి అన్న బీరన్నను.

"సూదేస్తే సూడి గొర్లు పిల్లల పారేస్తయ్" అన్నాడు బీరన్న. "నీ ముఖం జూసి పొద్దు నడినెత్తికొచ్చేదాంక ఆగుత. అటెన్క దొడ్డి తీస్త. ఇంకోపారి నీ మాట ఇనేటోడు ఈ ఊళ్లె ఉండడు, చెప్తున్న."

మందల లెక్క రాసుకోవడానికి గాలయ్య ముందురోజు సాయంత్రమే తన ఫట్‌ఫటి మోటారుసైకిల్ మీద వచ్చాడు. మిలిటరీవాళ్లు వాడి వాడి అమ్మేసిన బండి అది. దాని మోతకు పల్లెలోని గొర్రెలన్నీ దొడ్డి మూలకు పోయి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మందు మాత్రం మహబూబ్‌నగర్ నుంచి మంచుగడ్డల్లో పెట్టి పొద్దుటి బస్సులో అచ్చంపేటకు వస్తుంది. గాలయ్య పోయి దాన్ని తేవాలి. మంచు కరిగిందా, మందు నీళ్లతో సమానం.

తీరా బయలుదేరబోతే బండి కింద నేలంతా తడి, పెట్రోలు వాసన.

"ఏమైంది సారూ?"

"కార్బురేటర్ కారుతాంది అక్కా. రాత్రి పెట్రోల్ నల్ల కట్టేయ మరిచిన." గాలయ్య తల పట్టుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. టాంకీలో పుల్ల ముంచి చూశాడు. చుక్క కారకుండా ఉంటే అచ్చంపేట దాకా సరిపోతుంది, కారితే సగం తొవ్వలో నిలబడుతుంది. నడిచి పోయి వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది.

గాలయ్య కార్బురేటర్ పక్కనున్న చిన్న గిన్నె మూత విప్పి, లోపలి నుంచి నిమ్మకాయంత ఇత్తడి డొల్లను తీశాడు. "ఇది పెట్రోల్ మీద తేలాలె. తేలితేనే లోపటికొచ్చే తొవ్వ మూసుకుంటది. ఇది మునుగుతాంది." చెవి దగ్గర ఆడించాడు. లోపల గలగలమంది.

"బాయిల ఈత నేర్చేటోని బెండు నీళ్లు తాగినట్టు" అంది జానమ్మ.

"గంతే. యాడనో బొక్క పడ్డది. జర వేడినీళ్లు తే. పొయ్యి కాడికి మాత్రం నేను రాను. అంటుకుంటే అందరం కలిసి బీరప్ప దేవుని కాడికే పోతం."

ఆమె కుండలో వేడినీళ్లు తెచ్చింది. డొల్లను ముంచగానే అతుకు దగ్గర నుంచి సన్నగా బుడగలు లేచాయి. సూదిమొనంత బొక్క! బుడగలు ఆగేదాకా ముంచి ఉంచితే లోపలి పెట్రోలంతా ఆవిరైపోయింది. ఇక పూడ్చాలి. సీసంతో అతుకు వేసేవాడు ఉన్నది మళ్లీ ఆ అచ్చంపేటలోనే.

జానమ్మ మొగుడు ఐలేశం మాటలు తక్కువ మనిషి. అడవి నుంచి తెచ్చిన తేనె మైనం ఇంట్లో ఉంటే తెచ్చిచ్చాడు. అద్దారు, బిగించారు, నల్ల తిప్పారు. కాసేపు బాగానే ఉంది. అంతలో పెట్రోలుకు మైనం కరిగి మళ్లీ ధార కట్టింది. బీరన్న తలెత్తి సూర్యుణ్ణి చూశాడు. తిట్టినా బాగుండేదనిపించింది జానమ్మకు.

"మైనం ఆగదు. లక్కనన్న ఉంటే ఆగుతది" అని గొణిగాడు గాలయ్య.

జానమ్మ చేయి తనంతట తానే తన దండకడియం మీదికి పోయింది. పెళ్లికి ఆమె తల్లి గొర్రెపొట్టేళ్లు అమ్మి చేయించిన కడియం అది. పెళ్లైన ఏడాదే అతుకు విచ్చి చూస్తే లోపలంతా లక్క, పైన వెండి రేకు. నగలు చేసే అవుసులాయన పనే అంత, డొల్ల కడియం సొట్ట పోకుండా లక్క పోస్తారు. కానీ అత్తింటివాళ్లు వింటారా? ఆనాటి నుంచి బీరన్నకు ఆమె "లక్క జానమ్మ". ఆ మాట విన్నప్పుడల్లా కన్నతల్లిని అన్నట్టే గుండెలో కలుక్కుమనేది. అయినా ఆమె కడియం తీయలేదు.

ఇప్పుడు తీసింది. గడప మీద పెట్టి కత్తిమొనతో అతుకు విప్పింది.

"అయ్యో, పుట్టింటి సొమ్ము!" అన్నాడు ఐలేశం.

"గొర్లు మాత్రం ఎవ్వరి సొమ్ము?" అంది ఆమె.

పొయ్యిలో మేకు ఎర్రగా కాల్చి, బండికి దూరంగా, ఆ మేకుతో లక్కను తాకించి బొక్క మీద ఒక్క బొట్టు వేసింది. చన్నీళ్లు చల్లగానే గట్టిపడింది. మళ్లీ గోరువెచ్చని నీళ్లలో ముంచి చూశారు. ఒక్క బుడగ లేదు. నల్ల తిప్పారు. గాలయ్య గిన్నె కింద వేలు పెట్టి, పొడిగా ఉన్న ఆ వేలిని ఊరందరికీ చూపించాడు. బండి దగ్గింది, తుమ్మింది, చివరికి మోగింది. గొర్రెలు మళ్లీ మూలకు ఉరికాయి.

గాలయ్య అచ్చంపేటకు పోయినప్పటి నుంచి జానమ్మకు కాలు నిలవలేదు. నీడలు కురచై కాళ్ల కిందికి వచ్చేశాయి. తొవ్వ మీద దుమ్ము కూడా లేవలేదు. బీరన్న తన దొడ్డి ముందుకు నడిచి ముళ్లకంప మీద చేయి వేశాడు.

"బావా, జర ఆగరాదు."

"మాటంటె మాటే." కంప పక్కకు లాగాడు. పొద్దుటి నుంచి ఆకలితో ఉన్న మంద తోసుకుంటూ బయట పడింది. ముందున్న గొర్రె సందు దాటబోయింది. జానమ్మ కళ్లు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే సందు చివర ఫట్‌ఫటి మోత. ముందు గొర్రె గిర్రున తిరిగింది. ఒక గొర్రె తిరిగాక మిగతావి ఆగుతాయా? మందకు మందే బీరన్నను తోసుకుంటూ వెనక్కి దొడ్లోకి ఉరికింది. దుమ్ములో బీరన్న చతికిలబడ్డాడు. గాలయ్య మంచుపెట్టె దించుతూ ఆ వైభవమంతా చూశాడు.

ఊరు పగలబడి నవ్వింది. బీరన్న లేచి పంచె దులుపుకుని, కంపను తానే మళ్లీ అడ్డం వేశాడు.

"ఇగ అవ్విటికే ఇష్టమైనంక నేనేమంట? ముందుగాల నా మందకే ఎయ్యి సారూ. లక్క జానమ్మా, ఇటు రా, గీ పొట్టేలును నువ్వు పట్టు."

ఆ పేరు ఆమెకు ఈసారి ఎక్కడా కలుక్కుమనలేదు. పోయి పొట్టేలు కొమ్ములు పట్టుకుంది.

పొద్దు గూకేవేళకు మందలన్నిటికీ మందు పడింది. ఇంటికొచ్చాక ఐలేశం విచ్చిన కడియాన్ని గుడ్డలో మూటగట్టాడు. "అవుసులాయనకిస్త. ఈసారి ఉన్ని అమ్మినంక గట్టి వెండి పోయిస్త నీకు."

"వద్దు" అంది జానమ్మ. "లక్కనే పొయ్యమను."