ఊటనీళ్లు ఒంపేసిన రోజు

గోదావరి పక్క అడవిలో వేడినీటి ఊటలున్నాయి. డ్రైవర్ స్వామి అక్కడి నీళ్లను క్యాన్లలో పట్టి నానక్‌రామ్‌గూడలోని ప్రయోగశాలకు తెస్తాడు. వాటిలోని వాయువులు, లవణాలు ఉన్నట్టుండి మారితే లోపల భూమి కదులుతోందేమోనని శాస్త్రవేత్త రత్నమాల పరీక్షిస్తుంది. ఆ వారం రేడాన్ వాయువు బాగా పెరిగింది.

"అంటే భూకంపం వస్తదా మేడం?" అన్నాడు స్వామి.

"రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా ఆ ఊటల దగ్గరే. ఎవరికీ చెప్పకు, మళ్లీ చూడాలి."

స్వామి ఆగలేకపోయాడు. అతని భార్య జ్యోతి కోకాపేటలో కడుతున్న టవర్ పై అంతస్తులో ఇటుకలు మోస్తుంది. ఫోన్ చేసి దిగిపొమ్మన్నాడు. ఆమె వెంట పక్కవాళ్లు, వాళ్లను చూసి అందరూ పరుగందుకున్నారు. మెట్ల మీద తొక్కిసలాటలో కొమురమ్మ అనే కూలీ కాలు విరిగింది. పని ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆ టవర్ మేస్త్రీల కాంట్రాక్టర్ రామాంజనేయులు ఇద్దరిని వెంటేసుకుని ప్రయోగశాలలోకి దూసుకొచ్చాడు. వాళ్ల చేతుల్లో ఇనుప చువ్వలున్నాయి.

"భూకంపమని పుకారు లేపింది నువ్వేనంట కదమ్మా? రాదని రాసియ్యి."

"వస్తుందని నేను రాయలేదు. రాదనీ రాయలేను."

"తప్పంతా నాదే అన్నా, మేడంని ఏమనకుండ్రి," అంటూ స్వామి అడ్డం వచ్చాడు.

మొదటి దెబ్బ అతని మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రత్నమాలకు వినిపించింది. కింద పడ్డాక కూడా పక్కటెముకల మీద, తల మీద కొడుతూనే ఉన్నారు. గాజు సీసాలు భళ్లున పగిలాయి. నేలంతా రక్తం.

"చచ్చిపోతాడు, వదలండి!" అని అరిచింది. ఎవరూ వినలేదు. చువ్వ మళ్లీ పైకి లేచింది. నమూనాల్లో కలపడానికి ఉంచిన నైట్రిక్ యాసిడ్ సీసా ఆమె చేతికి అందింది. మూత తీసి విసిరింది.

కొట్టేవాళ్లలో చిన్నవాడు దినేష్ తొడ పట్టుకుని కూలబడ్డాడు. ప్యాంటు కాలిపోయి, చర్మం పసుపుపచ్చగా మారుతోంది. వాడి కేకకు రామాంజనేయులు, రెండోవాడు బయటికి పారిపోయారు.

రత్నమాల కొళాయి తిప్పింది. చుక్క రాలేదు. ట్యాంకర్ ఇంకా రాలేదు. గోడ వారన ఊటనీళ్ల క్యాన్లు ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి వాడి కాలి మీద ధారగా పోసింది. ఆ వారం నీళ్లన్నీ అయిపోయాయి.

"అక్కా, నీళ్లు పొయ్యి, ఇంకా పొయ్యి," అని వాడు ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని ఏడ్చాడు.

స్టేషన్‌కు వెళ్లేముందు, సీసా చేయి జారిందని చెప్పమన్నాడు ఆమె పై అధికారి.

"జారలేదు," అని ఇన్‌స్పెక్టర్‌తో చెప్పింది రత్నమాల. "తగలాలనే విసిరాను. ఆపకపోతే స్వామి పోయేవాడు."

రామాంజనేయులును మర్నాడే పట్టుకున్నారు. ఆమె మీదా కేసు పెట్టారు. స్వామి బతికాడు కానీ ఆ చేత్తో ఇక స్టీరింగ్ తిప్పలేడు.

దవాఖానలో జ్యోతి, భర్త మంచం పక్కనుంచి లేవకుండానే అడిగింది: "ఆ ఊటల కాడ భూకంపం వచ్చిందా మేడం?"

"రాలేదు. కొత్తగా తెప్పించిన నీళ్లలో రేడాన్ తగ్గింది. ఎందుకు పెరిగిందో నాకూ తెలియదు."

జ్యోతి కొంచెం జరిగి, స్టూల్ మీద ఆమెకు చోటిచ్చింది.